ఆమె మాట్లాడింది, మనమే రాయలేదు

ఈమధ్య హైదరాబాదులో ఒక సంస్మరణ సభకు వెళ్ళాను. వేదిక మీద ఒక పెద్దాయన మాట్లాడుతూ, “మా రోజుల్లో విద్యార్థులు ప్రాణాలకు తెగించి హక్కుల ఉద్యమంలోకి వచ్చేవాళ్ళు. ఇప్పటి పిల్లలు సర్టిఫికెట్ కోసం వస్తున్నారు” అన్నారు. సభ చప్పట్లు కొట్టింది. నా పక్కన కూర్చున్న ఇద్దరు ఎం.ఏ. చదివే అమ్మాయిలు తలలు దించుకున్నారు. పొద్దున్నించి ఆ ఇద్దరినీ గమనిస్తూనే ఉన్నాను. కుర్చీలు వేయించింది వాళ్ళు. గుమ్మం దగ్గర రిజిస్టరు పెట్టుకుని సంతకాలు చేయించింది వాళ్ళు. ఉపన్యాసాలు రికార్డు చేసింది, వక్తలకు మంచినీళ్ళు అందించింది, మధ్యాహ్నం భోజనాల దగ్గర వడ్డించింది కూడా వాళ్ళే. ఆ రికార్డింగులన్నీ విని కాగితం మీద పెట్టేది కూడా రేపు వాళ్ళే. ఆ పుస్తకానికి సంపాదకులు ఎవరో నేను ఊహించగలను.

ఆ పెద్దాయన మీద నాకు కోపం లేదు. ఆయన తరం చెల్లించిన మూల్యం చిన్నది కాదు. 1985లో వరంగల్‌లో డాక్టర్ రామనాథంను ఆయన క్లినిక్‌లోనే కాల్చి చంపారు. 2000లో పురుషోత్తంను, 2001లో ఆజం అలీని చంపారు. పౌరహక్కుల గురించి మాట్లాడడమే నేరమైన రోజుల్లో వాళ్ళు మాట్లాడారు. ఆ చరిత్రను తక్కువ చేసే ఉద్దేశం నాకు లేదు. అయితే ఆ చరిత్రను అడ్డం పెట్టి కొన్ని ప్రశ్నలు అడగనీయకుండా చేయడం చాలాకాలంగా చూస్తున్నాను. అందుకే ఇప్పుడు అడుగుతున్నాను. సర్టిఫికెట్ కోసం వచ్చారని మనం నిందిస్తున్న ఆ పిల్లల చేత ఏం పని చేయిస్తున్నాం? ఆ పనిని ఏమని పిలుస్తున్నాం?

“సాయం” అని పిలుస్తున్నాం. వినడం, రాసుకోవడం, అనువదించడం, టైపు చేయడం, ప్రూఫులు దిద్దడం, ఇవన్నీ సాయం. కమిటీలో పేరుండడం, ప్రెస్ ముందు మాట్లాడడం, ముందుమాట రాయడం అసలు పని. నా వాదన దీనికి పూర్తిగా విరుద్ధం. బాధితుల మాటను వినడం, రాయడమే హక్కుల సంస్థ చేసే అసలు పని. దాన్ని సాయంగా చూసినంతకాలం స్త్రీల మాట మన నివేదికల్లోకి రాదు. రాకపోతే జరిగే నష్టం మన మనోభావాలకు సంబంధించింది కాదు, న్యాయానికి సంబంధించింది. అలాంటి ఒక నష్టంలో నాకూ భాగం ఉంది కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను.

నేను 2008లో ఎం.ఏ. తెలుగులో చేరాను. మొదటి సెమిస్టరులోనే ఒక స్నేహితురాలి వెంట ఒక హక్కుల సంస్థ ఆఫీసుకు వెళ్ళాను. సంస్థ పేరు చెప్పను. ఒక్క సంస్థ జబ్బే అయితే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. రెండు గదుల అద్దె ఇల్లు, గోడకు పాత పోస్టర్లు, బీరువా నిండా కరపత్రాలు. నాకు ఆ చోటు నచ్చింది. నాకు తెలిసిన చట్టమంతా నేను ఏ క్లాసులోనూ నేర్చుకోలేదు. అరెస్టు చేసిన మనిషిని 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగం 22వ అధికరణం చెబుతుందనీ, అరెస్టు చేసేటప్పుడు మెమో రాయాలనీ, దాని మీద సాక్షి సంతకం ఉండాలనీ, బంధువులకు తెలియజేయాలనీ 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిందనీ ఆ బీరువా ముందు నేల మీద కూర్చుని చదువుకున్నాను. ఆ సంస్థకు నేను ఎంతో రుణపడి ఉన్నాను. ఈ మాట మర్యాద కోసం చెప్పడం లేదు.

నాకు అప్పగించిన మొదటి పని అను ఫాంట్స్‌లో టైపు చేయడం. అమ్మాయిలం ముగ్గురం వెళ్ళేవాళ్ళం, ముగ్గురికీ అదే పని. మాతోపాటు చేరిన అబ్బాయిలు రెండో నెలకే నిజనిర్ధారణ కమిటీలతో జిల్లాలకు వెళ్ళొచ్చారు. మేం అడిగితే, “రాత్రి ప్రయాణాలమ్మా, మీ ఇళ్ళల్లో ఏమంటారో” అన్నారు. మా ఇళ్ళల్లో ఎవరూ వాళ్ళను ఏమీ అనలేదు. అసలు ఎవరూ అడగలేదు.

2009 మొదట్లో ఒక లాకప్ మరణం మీద కమిటీ వెళ్తున్నప్పుడు మాత్రం నన్ను రమ్మన్నారు. చనిపోయిన మనిషి భార్యతో మాట్లాడాలి, కమిటీలో ఆడవాళ్ళు లేరు. ఉత్తర తెలంగాణలో ఒక మండల కేంద్రానికి దగ్గరి ఊరు. చనిపోయినతను హమాలీ. దొంగతనం అనుమానంతో తీసుకెళ్ళారు. కమిటీ సభ్యులు అయిదుగురూ పంచాయతీ ఆఫీసు అరుగు మీద కూర్చుని సర్పంచ్‌తో, తోటి హమాలీలతో మాట్లాడారు. కన్వీనర్ నన్ను చూసి, “నువ్వు లోపలికెళ్ళి ఆడవాళ్ళను పలకరించి రామ్మా” అన్నారు. పలకరించి రమ్మన్నారు. విచారించి రమ్మనలేదు. ఆ తేడా నాకు అప్పుడు తెలియలేదు.

ఆమె ఒక చీకటి గదిలో గోడకు ఆనుకుని కూర్చుంది. మొదటి పది నిమిషాలు ఏడ్చింది. తర్వాత రెండు గంటలు మాట్లాడింది. నేను 14 పేజీలు రాసుకున్నాను. ఆమె మాటల్లోనే రాసుకోవడం నాకు సాహిత్య విద్యార్థిగా అబ్బిన అలవాటు.

“బేస్తారం రాత్రి తీస్కపోయిండ్రు బిడ్డా. అప్పటికి బువ్వ తినలే. శుక్రారం జొన్నరొట్టెలు చేసి టిఫినిల వెట్టి పట్కపోయిన. లోపటికి తీస్కున్నరు. ఖాళీ టిఫిని బయటికి ఇచ్చిండ్రు. శనివారం మా అంగడి. ఎండుచాపలు కొన్న. ఆయనకు శానా ఇష్టం. పులుసు వెట్టి పట్కపోయిన. అది గూడ తిన్నడు. ఐతారం పొద్దుగాల అన్నం, పప్పుచారు పట్కపోతే టిఫిని ముట్టలే. ఇయ్యాల వద్దు, పో అన్నరు. నిండు టిఫిని చేతుల పట్టుకొని ఇంటికొచ్చిన.”

పోలీసుల కథనం వేరే. ఆదివారం సాయంత్రం 6 గంటలకు అరెస్టు చేశామనీ, సోమవారం తెల్లవారుజామున గుండెనొప్పి వస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళామనీ, అక్కడ చనిపోయాడనీ రికార్డు. ఆమె చెప్పిన మూడు పూటల వంటను ఆ రికార్డు పక్కన పెట్టి చూడండి. గురువారం రాత్రి నుంచి అక్రమ నిర్బంధం. అంగడి రోజు కాబట్టి శనివారం విషయంలో పొరపాటుకు తావు లేదు. అరెస్టు చేశామంటున్న సమయానికి ముందే, ఆదివారం పొద్దునకే, అతను తిండి తినే స్థితిలో లేడని నిండుగా తిరిగొచ్చిన టిఫిన్ డబ్బా చెబుతోంది. కమిటీ ఆ ఊరు వచ్చిందే ఆ సాక్ష్యం కోసం. అది అరుగు మీద దొరకలేదు. వంటింట్లో దొరికింది.

ఆఫీసుకు తిరిగొచ్చాక నా 14 పేజీలు కన్వీనర్ ముందు పెట్టాను. ఆయన రెండు పేజీలు తిరగేసి నవ్వారు. “రొట్టెలు, ఎండుచేపలు, పప్పుచారు... సాహిత్యం విద్యార్థివి కదా, వర్ణన ఎక్కువైంది. మనకు తేదీలు, టైములు కావాలమ్మా” అన్నారు. గదిలో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. తేదీలు అందులోనే ఉన్నాయి సార్ అని చెప్పాల్సిన నోరు నాదే. చెప్పలేదు. నాకు 21 ఏళ్ళు, వాళ్ళందరూ నేను గౌరవించే మనుషులు, వర్ణన ఎక్కువైందంటే నిజమే కాబోలు అనుకున్నాను.

నివేదికలో ఇలా వచ్చింది: “గ్రామస్తుల కథనం ప్రకారం మృతుడిని రెండు మూడు రోజుల ముందే పోలీసులు అదుపులోకి తీసుకున్నారు. మృతుని భార్య తీవ్ర దుఃఖంలో ఉన్నందున మాట్లాడలేని స్థితిలో ఉన్నారు.” ఈ రెండో వాక్యాన్ని టైపు చేసింది నేనే. ప్రూఫు చూసింది నేనే. “స్థితిలో” అన్నచోట ఒత్తు సరిగా పడలేదని దిద్దింది కూడా నేనే. రెండు గంటలు మాట్లాడిన మనిషిని మాట్లాడలేని మనిషిగా నా చేతులతో నేనే అచ్చు వేశాను.

తర్వాత ఏం జరిగిందో చెబుతాను. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌కు 2005లో వచ్చిన సవరణ తర్వాత కస్టడీ మరణాల మీద జుడీషియల్ మేజిస్ట్రేటు విచారణ జరగాలి. కొన్ని నెలలకు ఆ విచారణ జరిగింది. ఆమె వెళ్ళి మూడు రోజుల సంగతి, టిఫిన్ సంగతి చెప్పింది. ఆ రోజు ఊరికి వచ్చిన హక్కుల సంఘం వాళ్ళకు ఈ మాటలు ఎందుకు చెప్పలేదని అవతలివైపు వాళ్ళు అడిగారట. నువ్వు మాట్లాడలేని స్థితిలో ఉన్నావని వాళ్ళే రాశారు కదా, మరి ఇదంతా తర్వాత ఎవరు నేర్పారు అన్నారట. మా నివేదికే ఆమెకు అడ్డం వచ్చింది. ఆ సంగతి వకీలు ద్వారా నాకు తెలిసింది. నోటు పుస్తకం జిరాక్సు తీయించి ఆయన దగ్గరికి పరుగెత్తాను. “మీ రిపోర్టు ఒకటి చెప్పి, మీ పుస్తకం ఇంకొకటి చెబితే రెండూ నిలబడవమ్మా” అన్నారాయన. ఆ 14 పేజీలు ఏ ఫైలులోకీ వెళ్ళలేదు.

ఆ తర్వాతే, ఒక్కదాన్నే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. మొదటిసారి వెళ్ళినప్పుడే ఆమె, “రాసుకున్నది నాకు సదివి ఇనిపిస్తవా బిడ్డా?” అని అడిగింది. తప్పకుండా అన్నాను. ఆ మాట నిలబెట్టుకునే సరికి విచారణే అయిపోయింది. ముందు నివేదిక చదివాను. రెండో వాక్యం దగ్గర ఆపి, “నేను మాట్లాడలేదా? అంతసేపు నీతోని మాట్లాడితి గదా” అంది. కోపం లేదు, ఆశ్చర్యంగా అడిగింది. నా దగ్గర జవాబు లేదు. తర్వాత నోటు పుస్తకం చదివాను. రెండు చోట్ల దిద్దింది. రొట్టెలు తీసుకెళ్ళింది పొద్దున కాదు, సాయంత్రం. డబ్బా బయటికి తెచ్చి ఇచ్చింది ఎప్పుడూ ఒకే కానిస్టేబులు, అతని గుర్తులు చెప్పింది. చదివి వినిపిస్తే పది నిమిషాల్లో దొరికే సంగతులు ఇవి.

ఆ 14 పేజీల్లో ఇంకొక సంగతి కూడా ఉంది. “ఆయన గూడ నన్ను కొట్టెటోడు బిడ్డా. గట్లని పోలీసోళ్ళు కొట్టి సంపుడేంది?” అంది ఆమె. ఇది కన్వీనర్ చూసి ఉంటే కేసుకు నష్టమని కొట్టేయమనేవారు. కొట్టేయడం తప్పని నేనూ అనలేను. రాయాలా వద్దా అని ఆమెనే అడిగాను. “ఇప్పుడు రాయకు. కేసు ఒడిసినంక రాసుకో” అంది. కేసు ఎప్పుడో ముగిసింది. ఇన్నేళ్ళకు రాస్తున్నాను. తనను కొట్టిన మనిషికి కూడా కొట్టి చంపబడకుండా ఉండే హక్కు ఉందని ఆమెకు ఎవరూ క్లాసు తీసుకోలేదు. గృహహింస చట్టం 2005లో వచ్చి అప్పటికే అమల్లో ఉన్నా దాని పేరు ఆమె విని ఉండదు. రాజ్యహింస మా పరిధి, ఇంటి హింస మహిళా సంఘాల పరిధి అని మా ఆఫీసులో పంచుకున్న సరిహద్దు ఆమె మాటల్లో లేదు. అంత సూటిగా హక్కుల గురించి మాట్లాడిన మనిషిని మేం “బాధితురాలు” అనే ఒక్క మాటలో సర్దేశాం.

ఇది ఒక అనుభవం లేని పిల్ల చేసిన పొరపాటు అని తేల్చేయవచ్చు. కానీ స్త్రీ మాట కాగితం మీదికి ఎక్కేటప్పుడు ఏమవుతుందన్నది ఈ దేశంలో స్త్రీల ఉద్యమం పుట్టిన ప్రశ్నే. 1972లో మహారాష్ట్రలోని దేశాయ్‌గంజ్ పోలీసు స్టేషన్‌లో మధుర అనే ఆదివాసీ అమ్మాయి మీద అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు పోలీసుల్ని వదిలేసింది. ఒంటి మీద గాయాలు లేవు కాబట్టి ప్రతిఘటన లేదని, ప్రతిఘటన లేదు కాబట్టి సమ్మతి ఉన్నట్టేనని కోర్టు అనుకుంది. ఆమె భయంతో నోరు మెదపలేకపోవడాన్ని ఒప్పుకోలుగా చదివింది. 1979లో ఉపేంద్ర బక్షి, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్ ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. ఆ లేఖ చుట్టూ లేచిన ఉద్యమం వల్ల 1983లో చట్టం మారింది. సాహిత్యం చదువుకున్న మనకు ఇందులో తెలియనిదేముంది? మౌనాన్ని తప్పుగా చదివిన తీర్పును మళ్ళీ చదివించడమే ఆ పోరాటమంతా.

అదే 1978లో హైదరాబాదులో రమీజా బీ మీద పోలీసులు అత్యాచారం చేశారు. ఆమె భర్త, రిక్షా కార్మికుడు అహ్మద్ హుసేన్, పోలీసు దెబ్బలకు చనిపోయాడు. నగరం భగ్గుమంది. విచారణకు జస్టిస్ ముక్తదర్ కమిషన్ వేశారు. కమిషన్ ముందు పోలీసుల తరఫు వాళ్ళు ఆమె చెప్పింది అబద్ధమని నిరూపించడానికి ఆమె నడవడికను ఎత్తుకున్నారు, వేశ్య అన్నారు. కమిషన్ పోలీసుల్ని తప్పుబట్టింది. అయినా కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి, 1981లో వాళ్ళు విడుదలయ్యారు. మన రాష్ట్రంలో స్త్రీల ఉద్యమం పదును తేలింది ఇలాంటి సందర్భాల్లోనే. ఆ తరం స్త్రీలే తర్వాత స్త్రీ శక్తి సంఘటనగా తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల దగ్గరికి టేపు రికార్డర్లు పట్టుకుని వెళ్ళారు. 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ వచ్చింది. ఆ స్త్రీలు చెప్పిన వంటల గురించి, కాన్పుల గురించి, వదిలొచ్చిన పిల్లల గురించి వర్ణన ఎక్కువైందని ఆ సంపాదకులు అనలేదు. అప్పటిదాకా రాసిన పోరాట చరిత్రల్లో లేనిది ఆ మాటల్లోనే దొరికింది. నేను ఎం.ఏ.లో ఆ పుస్తకం చదివాను. పరీక్షలో ప్రశ్నకు జవాబు కూడా రాశాను. ఆ ఊళ్ళో, ఆ చీకటి గదిలోంచి వచ్చాక ఆఫీసులో నవ్వినప్పుడు మాత్రం అది గుర్తుకు రాలేదు.

2007 ఆగస్టు 20న విశాఖ ఏజెన్సీలోని వాకపల్లిలో 11 మంది కొందు ఆదివాసీ స్త్రీలు తమ మీద గ్రేహౌండ్స్ పోలీసులు అత్యాచారం చేశారని చెప్పారు. తెలుగు ఇంటిభాష కాని ఆ స్త్రీలు ఎన్ని చోట్ల, ఎంతమంది ముందు, ఎన్నిసార్లు అదే సంగతి చెప్పాల్సి వచ్చిందో తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. వాళ్ళకు హక్కుల సంఘాలు, ఆదివాసీ సంఘాలు, స్త్రీల సంఘాలు ఏళ్ళ తరబడి తోడున్నాయి. 2023 ఏప్రిల్‌లో విశాఖపట్నం ప్రత్యేక కోర్టు పోలీసుల్ని నిర్దోషులుగా వదిలేస్తూనే, దర్యాప్తు చేసిన అధికారులు సరిగా చేయలేదని ఎత్తి చూపింది. ఆ స్త్రీలకు పరిహారం ఇప్పించమంది. మొదటి రోజుల్లో ఎవరు విన్నారు, ఏం రాసుకున్నారు, ఏం వదిలేశారన్నది దాదాపు 16 ఏళ్ళ తర్వాత తీర్పును నిర్ణయించింది.

పోలీసులు సాక్షుల వాంగ్మూలం రాసుకునే పద్ధతి మనందరికీ తెలుసు. క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 161వ సెక్షను అది. సాక్షి చెబుతాడు, పోలీసు తన మాటల్లో రాసుకుంటాడు, సాక్షి సంతకం ఉండదు. 2024 జూలై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చినా ఆ పద్ధతి అలాగే ఉంది. దీన్ని మన సంఘాలు దశాబ్దాలుగా విమర్శిస్తున్నాయి. మరి మన నిజనిర్ధారణ నివేదిక ఎలా తయారవుతోంది? ఆమె చెబుతుంది, మనం మన మాటల్లో రాసుకుంటాం, ఆమెకు చదివి వినిపించం. తేడా ఎక్కడుంది? లైంగిక హింస కేసుల్లో స్త్రీ వాంగ్మూలాన్ని మహిళా అధికారే నమోదు చేయాలని 2013లో చట్టాన్ని సవరించారు. అమలు ఎలా ఉందన్నది వేరే సంగతి. రాసే చెయ్యి ఎవరిదన్నది ముఖ్యమని కనీసం కాగితం మీద రాజ్యం ఒప్పుకుంది. రాజ్యం ఒప్పుకున్న విషయాన్ని రాజ్యాన్ని ప్రశ్నించే సంస్థలు ఒప్పుకోవడానికి ఏం అడ్డు?

నాకు వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది, “ఉన్నదే నలుగురం, డబ్బుల్లేవు, టైము లేదు.” నిజమే. కానీ చదివి వినిపించడానికి కావలసింది ఒక బస్సు టికెట్టు, ఒక పూట. ప్రెస్‌మీట్‌కు హాలు అద్దె కట్టగలుగుతున్నాం కదా. రెండోది, “ఇలాంటివి బయటపెడితే పోలీసులకు ఆయుధం ఇచ్చినట్టవుతుంది.” పోలీసులకు ఆయుధం ఇచ్చింది నేను టైపు చేసిన ఆ వాక్యం. దాని గురించి మాట్లాడకుండా ఉండడం వల్ల అలాంటి వాక్యాలు ఇంకా టైపు అవుతూనే ఉంటాయి. పైగా మన రాష్ట్రంలోనే హక్కుల ఉద్యమం తనను తాను ప్రశ్నించుకున్న చరిత్ర ఉంది. రాజ్యహింస ఒక్కటే కాదు, ఉద్యమాల హింసనూ, కుల, లింగ వివక్షనూ హక్కుల దృష్టితో చూడాలన్న చర్చ నుంచే 1998లో బాలగోపాల్, ఇతరులు మానవ హక్కుల వేదికను ఏర్పాటు చేశారు. ఆ చర్చతో ఉద్యమం చచ్చిపోలేదు.

మూడోది ఆ పెద్దాయన అన్న సర్టిఫికెట్ మాట. అడిగితే తప్పేంటి? మొదటి తరం చదువుకున్న దళిత అమ్మాయికి, చిన్న పట్నం నుంచి వచ్చిన ముస్లిం అమ్మాయికి, ఆదివారం కూడా హాస్టల్ వార్డెన్‌కు కారణం చెప్పి బయటికి రావాల్సిన ఏ అమ్మాయికైనా ఆ కాగితం ఒక రక్షణ. “ఎక్కడికెళ్ళావు?” అనే ప్రశ్నకు చూపించే జవాబు. ఇంట్లో పెళ్ళి సంబంధాలు చూస్తున్నవాళ్ళకు ఇంకొక ఏడాది గడువు సంపాదించి పెట్టే ఆధారం. జాతీయ మానవ హక్కుల కమిషనే విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌లు నడుపుతోంది. నిస్వార్థంగా రమ్మనడం సులభం. ఆ నిస్వార్థపు ఖర్చు ఎవరి ఇంట్లోంచి వస్తుందో, ఎవరి ఇంట్లోంచి రాలేదో లెక్క చూసుకుంటే ఆ మాటలో ఉన్న కులం, వర్గం కనిపిస్తాయి.

“మనదంతా ఒక కుటుంబం, ఆఫీసు కాదు” అనే మాట కూడా నేను చాలాసార్లు విన్నాను. కుటుంబం అనగానే స్త్రీలుగా మనం జాగ్రత్త పడాలి. కుటుంబంలో జీతం ఉండదు, ఫిర్యాదు ఉండదు, వంట చేసినవాళ్ళ పేరు ఉండదు. పనిచోట లైంగిక వేధింపుల మీద 2013లో వచ్చిన చట్టం ఉద్యోగి అంటే ఎవరో చెప్పేటప్పుడు జీతం లేకుండా స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళను కూడా కలిపింది. పదిమందికి తక్కువ ఉన్న చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి వెళ్ళే దారి పెట్టింది. ఎన్ని హక్కుల సంస్థలు తమ దగ్గరికి వచ్చే విద్యార్థినులకు మొదటి రోజు ఈ సంగతి చెబుతున్నాయి?

విశ్వవిద్యాలయాల్లో ఉన్న మనల్ని కూడా వదలను. నా పరిశోధన స్త్రీల జీవిత కథనాల మీద. ఎవరు చెబుతున్నారు, ఎవరు రాస్తున్నారు, మధ్యలో ఏం జారిపోయింది అని వంద పేజీలు రాసి డాక్టరేటు తీసుకున్నాను. సెమినార్లలో ‘గొంతులేని వాళ్ళ గొంతు’ అని ఎంత తేలిగ్గా అంటాం! ఆమెకు గొంతు ఉంది. లేనిది నాకు, ఆ ఆఫీసు గదిలో. మనం విద్యార్థులకు పితృస్వామ్యం గురించి చెబుతాం, ఇంటర్న్‌షిప్‌కు పంపిస్తాం, తిరిగొచ్చాక రిపోర్టు తీసుకుని మార్కులు వేస్తాం. అక్కడ నీ చేత ఏం రాయించారు, నువ్వు రాసింది ఏమైంది అని ఒక్కరినైనా అడిగామా?

1948లో విశ్వ మానవ హక్కుల ప్రకటన రాస్తున్నప్పుడు మొదటి అధికరణంలో ‘పురుషులందరూ’ అనే అర్థం వచ్చే మాట బదులు ‘మానవులందరూ’ అనే మాట ఉండేలా పట్టుబట్టింది మన హంసా మెహతా. ఒక్క మాట కోసం పట్టుబట్టడం వర్ణన అనిపించుకోలేదు.

నేను అడుగుతున్నవి పెద్ద కోరికలు కావు. నివేదిక అచ్చుకు వెళ్ళేముందు మాట్లాడిన మనిషికి ఆమె భాషలో చదివి వినిపించాలి. ఏది ఉండాలో, ఏది వద్దో ఆమె చెప్పాలి. విన్నవాళ్ళ, రాసుకున్నవాళ్ళ పేర్లు కమిటీ పేర్లతోపాటే ఉండాలి. “సహకరించిన మిత్రులకు ధన్యవాదాలు” అనే చివరి వాక్యంలో కాదు. అమ్మాయిల్ని ఆడవాళ్ళతో మాట్లాడడానికి మాత్రమే తీసుకెళ్ళకూడదు, సర్పంచ్‌ను, ఎస్సైని ప్రశ్నించడానికి కూడా తీసుకెళ్ళాలి. అబ్బాయిలు కూడా ఏడుస్తున్న మనిషి పక్కన రెండు గంటలు కూర్చోవడం నేర్చుకోవాలి. నోటు పుస్తకాల్ని ఆఫీసు బీరువాలో దాచాలి, పిల్లల హాస్టలు పెట్టెల్లో కాదు. నా 14 పేజీలు ఇప్పటికీ నా పెట్టెలోనే ఉన్నాయి.

సభ అయిపోయాక ఆ ఇద్దరు అమ్మాయిల్లో ఒకామె నా దగ్గరికి వచ్చింది. పోయిన నెల ఒక కమిటీతో కలిసి ఒక ఊరు వెళ్ళిందట. ఒకావిడ మాట్లాడినదంతా ఆమె అనుమతితోనే ఫోనులో రికార్డు చేసిందట, గంటా నలభై నిమిషాలు. రిపోర్టు తయారవుతోంది, ఎవరూ అడగలేదు. “ఇది ఎవరికివ్వాలి మేడమ్?” అంది. ముందు మొత్తం రాసిపెట్టమన్నాను. ఆవిడ దగ్గరికి మళ్ళీ వెళ్ళి చదివి వినిపించమన్నాను. రిపోర్టు అచ్చయ్యేలోగానే వెళ్ళమన్నాను, అవసరమైతే నేనూ వస్తానన్నాను. ఆ కాగితాలు కమిటీ ముందు పెట్టి, రిపోర్టులో నీ పేరు అడుగు అన్నాను. సర్టిఫికెట్ కూడా అడుగు అన్నాను.